చెక్కల కింద ముజిక్

ఆ ముసలావిడ ఆ మాట మొదటిసారి అన్నప్పుడు పాటలు వినాలని ఉందేమో అనుకున్నాను. నా చెవికి 'మ్యూజిక్' అనే వినిపించింది. వంటింటి గట్టు మీదున్న రేడియో పెట్టాను. కుర్చీలోంచి లేవాలంటే నా చెయ్యి ఆసరా లేనిదే కదలని మనిషి, ఆ రోజు తనంతట తానే లేచి వచ్చి రేడియో కట్టేసింది. పెదాల మీద వేలు పెట్టి "ష్" అంది. అదే వేలు నేల వైపు చూపించి గుసగుసగా మళ్లీ అంది.

"ముజిక్."

మిట్టమధ్యాహ్నం. బయట ఎండ దంచేస్తోంది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. ఆవిడ గట్టిగా అరిచి ఉంటే అంత భయపడేదాన్ని కాదు. కాలేజీలో మాకు చెప్పారు, మతిమరుపు జబ్బున్న వాళ్లు సాయంత్రం దగ్గరపడే కొద్దీ అరుస్తారని, అటూ ఇటూ తిరుగుతారని. గుసగుసలాడతారని మాత్రం ఎవరూ చెప్పలేదు.

అప్పుడు నేను బ్రిస్బేన్‌లో నర్సింగ్ చదువుతున్నాను. వారంలో కొన్ని మధ్యాహ్నాలు క్లాసులు ఉండవు. ఒక ఏజెన్సీ వాళ్లు ఆ ఇంటికి పంపేవాళ్లు. ముసలావిడకి అన్నం పెట్టడం, మందులు ఇవ్వడం, బట్టలు ఉతకడం, కూతురు పని నుంచి వచ్చేదాకా తోడుండడం నా పని. కూతురు స్కూల్లో టీచరు. ఆవిడకీ యాభై దాటి ఉంటాయి.

ఇల్లు నది దగ్గర పాత వీధిలో ఉంది. అక్కడి పాత ఇళ్లన్నీ చెక్కవే. మనిషి ఎత్తున స్తంభాలు నిలబెట్టి వాటి మీద ఇల్లు కడతారు. కింద జాగా ఖాళీగా ఉంటుంది, చుట్టూ చెక్క పట్టీలు కొట్టి ఉంటాయి. వాషింగ్ మెషీన్ అక్కడే. విరిగిన కుర్చీలు, పాత పరుపులు, ముసలాయన బతికున్నప్పటి రంపాలు, సుత్తులు అన్నీ అక్కడే. పట్టీల సందుల్లోంచి వెలుతురు గీతలు గీతలుగా పడుతుంది. వెనక మూలకి అది కూడా చేరదు. తడి దుప్పట్లు తేవడానికి దిగినప్పుడల్లా ఆ మూల వైపు చూడకుండా పని ముగించుకుని పైకి వచ్చేసేదాన్ని.

నాకు అసలే పిరికితనం ఎక్కువ. ఆ రోజుల్లో అది ఇంకా పెరిగింది. ఎక్కడో స్టేషన్ దగ్గర మనవాళ్ల కుర్రాణ్ణి కొట్టారని ఇక్కడ మాకు తెలిసేలోపు గుంటూరులో మా అమ్మకి తెలిసిపోయేది. "ప్రార్థన చేసుకుని బయల్దేరమ్మా, ఒంటరిగా ఉండమాకు" అని ఫోను. నా పనేమో ఒంటరిగా ఉండడమే.

ఆ సాయంత్రం కూతురు రాగానే అడిగాను. "ముజిక్ అంటే ఏంటండీ? మీ అమ్మగారు కిందికి చూపిస్తూ అదే అంటున్నారు."

ఆవిడ చేతిలో సంచి బల్ల మీద పెట్టి, తల్లి వైపు చూసి నిట్టూర్చింది. "మళ్లీ మొదలెట్టిందా? రైతు అని అర్థం. పాతకాలం రష్యాలో పల్లెటూరి రైతు. గడ్డం, పెద్ద బూట్లు, మట్టి చేతులు. మోటు మనిషి అనుకో."

"మరి కిందికెందుకు చూపిస్తున్నారు?"

టీ పెడుతూ చెప్పింది. వాళ్లమ్మ రష్యాలో పుట్టలేదట. చైనాకి ఉత్తరాన, నది ఒడ్డున రష్యన్లు కట్టుకున్న ఒక పల్లెలో పుట్టిందట. నదికి అవతల రష్యా. అక్కడ పొలాలు, పశువులు లాక్కుంటున్న కాలంలో మనుషులు గడ్డకట్టిన నది మీద నడిచి ఇవతలికి పారిపోయి వచ్చేవాళ్లట.

"ఒక చలికాలం మా అమ్మమ్మ అలాంటి ఒకతన్ని ఇంటి కింద దాచింది. నేలలో చెక్క తలుపు ఉండేదట, దాని కింద దుంపలు దాచుకునే గొయ్యి. అమ్మమ్మ అందులోకి రొట్టె అందించేది. పిల్లలు బయట నోరు జారకుండా ఎప్పుడూ 'ష్, ముజిక్' అని హెచ్చరించేది. అమ్మకి అప్పుడు ఏడేళ్లో ఎనిమిదేళ్లో. ఇప్పుడు నిన్నటి సంగతి గుర్తులేదు కానీ ఆ చలికాలం గుర్తుంది. నువ్వు భయపడకు."

"రైతుని మర్యాదగా పిలవాలన్నా ఆ మాటేనా?"

ఆవిడకి నా ప్రశ్న నచ్చింది. టీచరు కదా. "లేదు. మర్యాదగా అంటే క్రెస్త్యానిన్. అందులో క్రీస్తు పేరుంది. క్రైస్తవుడు అనే మాటే రైతు అనే మాట అయింది. ముజిక్ అనేది పైవాళ్లు కిందివాళ్లని అనే మాట. మా అమ్మమ్మని ఎవరైనా అలా అంటే ఊరుకునేది కాదు. 'మేం క్రెస్త్యాన్లం' అనేదట."

బస్సులో ఇంటికి వెళ్తూ మా తాతని తలుచుకున్నాను. ఆయన జీవితమంతా ఇంకొకళ్ల మాగాణిలో పనిచేశాడు. గట్టు మీద నిలబడ్డ వాళ్లు, ఆయనకంటే ఎంతో చిన్నవాళ్లు కూడా, "ఒరేయ్" అనే పిలిచేవాళ్లు. ఆదివారం గుళ్లో మాత్రం ఆయన 'పెద్దగారు'. తెల్ల పంచె కట్టుకుని కానుక సంచి పట్టుకుని వరసల మధ్య తిరుగుతుంటే అందరూ లేచి జాగా ఇచ్చేవాళ్లు. రష్యాలోనూ ఒకే మనిషికి అలా రెండు మాటలున్నాయంటే వింతగా అనిపించింది. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది. అర్థం తెలిసిన మాటకి భయపడక్కర్లేదనుకున్నాను.

అలా కొన్ని వారాలు గడిచాయి. ఆవిడ గుసగుసగా "ముజిక్" అంటే నేనూ తలూపి "ముజిక్" అనేదాన్ని. ఆవిడ సంతోషించేది. నా చెయ్యి నిమిరేది. కూతురు నాకు కొన్ని రష్యన్ మాటలు నేర్పింది. వదా అంటే నీళ్లు. బోల్నో అంటే నొప్పిగా ఉంది. గలోద్నా అంటే ఆకలేస్తోంది. పనికి అవి చాలు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం కింద ఎవరో దగ్గినట్టు వినిపించింది. పక్కింటి వాళ్లనుకున్నాను. కిటికీలోంచి చూస్తే పక్కింటి కారు లేదు. కాసేపు గిన్నెలు తోముతూ, కుళాయి కట్టేసి వింటూ, మళ్లీ తోముతూ ఉండిపోయాను. ఇంకేం వినిపించలేదు.

భోజనం వెనక వరండాలో పెట్టేదాన్ని. అక్కడ గాలి వస్తుంది, ఎదురుగా మామిడిచెట్టు. ఆవిడ నల్లరొట్టె ఇష్టంగా తింటుందని కూతురు ఎక్కడినుంచో తెచ్చేది. ఒకరోజు నేను మందులు తెచ్చేసరికి ఆవిడ ముందుకు వంగి ఉంది. పడిపోతోందేమోనని పరుగెత్తాను. పడిపోవడం లేదు. వరండా చెక్కల మధ్య ఒకచోట పట్టీ విరిగి నాలుగు వేళ్ల వెడల్పు సందు ఉంది. రొట్టె ముక్కలు ఒక్కొక్కటే ఆ సందులోంచి కిందికి వదులుతోంది. నన్ను చూసి నవ్వింది.

"ముజిక్ గలోద్నీ."

గలోద్నా అంటే నాకు తెలుసు. రైతుకి ఆకలేస్తోందంటోంది. పాపం, వాళ్లమ్మ చేసిన పనే చేస్తోంది అనుకున్నాను. కళ్లు తడి అయ్యాయి కూడా. అయితే రొట్టె అక్కడే వదిలేస్తే ఎలుకలొస్తాయి కదా. ఆవిణ్ణి కుర్చీలో సరిగ్గా కూర్చోబెట్టి, చీపురు, చేట పట్టుకుని వెనక మెట్లు దిగాను.

సందు కింద నిలబడి చూశాను. పైన ఆవిడ చెప్పులు కనిపిస్తున్నాయి. కింద గచ్చు మీద రొట్టె పొడి కొంచెం ఉంది. ముక్కలు లేవు.

ఒక్కటి కూడా లేదు.

చీపురు అక్కడే పడేసి పైకి వచ్చి తలుపు గడియ పెట్టాను. ఆవిడ ఇంకా వరండాలోనే ఉందని గుర్తొచ్చి మళ్లీ తీసి, ఆవిణ్ణి లోపలికి తీసుకొచ్చి మళ్లీ పెట్టాను. కూతురు వచ్చేదాకా సోఫా అంచున కూర్చుని మనసులో ప్రభువుని పిలుస్తూనే ఉన్నాను. ముసలావిడ మాత్రం హాయిగా కునుకు తీసింది.

అప్పట్లో నేను, ఇంకో అమ్మాయి బ్రిస్బేన్ శివార్లలో, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో, ఒక తెలుగు వాళ్లింట్లో గది తీసుకుని ఉండేవాళ్లం. నాతో ఉండే అక్కది హన్మకొండ. నాకంటే ముందు వచ్చింది, ఈ దేశం సంగతులు నాకంటే బాగా తెలుసు. జరిగింది చెబితే పడీపడీ నవ్వింది.

"పోసమ్ అయి ఉంటదే! ఈడ పాత ఇండ్లల్ల అవే ఉంటయ్. పిల్లి అంతుంటది. రొట్టెలు కాదు, అరటిపండ్లు తొక్కతోని తింటది."

"దగ్గు కూడా వినిపించిందక్కా."

"అవి గట్లనే సప్పుడు చేస్తయ్. మనిషి దగ్గినట్టే ఉంటది. నువ్వు గా ముసలామె మాటలు విని విని నువ్వు గూడ గట్లనే అయితున్నవ్."

మర్నాడు యూనివర్సిటీలో లైబ్రరీకి వెళ్లి రష్యన్-ఇంగ్లీషు నిఘంటువు తీశాను. ముజిక్ అన్న చోట కూతురు చెప్పిందే ఉంది: రైతు, మోటు మనిషి. దాని పక్కనే, మాటల్లో వాడుక అని రాసి, 'మగవాడు, మనిషి' అని ఉంది. ఆ చివరి అర్థం దగ్గర నా వేలు ఆగిపోయింది. ముసలావిడ చెప్పేది పాతకాలపు రైతు గురించి కాకపోతే? 'కింద ఒక మగమనిషి ఉన్నాడు' అని, ఇన్ని వారాలుగా, ఉన్నది ఉన్నట్టు చెబుతోందేమో?

ఆ సాయంత్రమే కూతురికి చెప్పాను. తలుపు దగ్గరే నిలబెట్టి, దగ్గు, రొట్టె, నిఘంటువు అన్నీ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, టార్చి తీసుకుని కిందికి దిగింది. నేను మెట్ల మీదే ఆగిపోయాను. టార్చి వెలుగు అటూ ఇటూ తిరగడం కనిపించింది, ఏదో డబ్బా పక్కకి జరగడం వినిపించింది. తిరిగొచ్చి చేతులు దులుపుకుంది.

"ఏమీ లేదు. పాత సామాను ఉంది. మా అమ్మ ఆ మాట అలా వాడదు. ఈ కాలం రష్యన్లు ఎవణ్ణి పడితే వాణ్ణి ముజిక్ అంటారు కానీ, అమ్మది అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న భాష. తన నోట్లో ఆ మాటకి ఒకటే అర్థం." టార్చి ఆపేసి అంది, "నీకు ఇక్కడ కష్టంగా ఉంటే ఏజెన్సీకి చెప్పనా? ఇంకొకళ్లని పంపుతారు."

కోపంగా అనలేదు. అయినా ఆ పని పోతే ఇంకో పని దొరకడానికి ఎన్నాళ్లు పడుతుందో. "లేదండీ, బాగానే ఉంది" అన్నాను.

ఆ తర్వాత ఆ ఇంట్లో గడిపిన మధ్యాహ్నాలు తలుచుకుంటే ఇప్పటికీ అరిచేతులు తడుస్తాయి. చెక్క ఇల్లు ఎండకి వ్యాకోచించి టప్ టప్ మంటుంది. ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడేదాన్ని. నడిచేటప్పుడు పాదాలు మెల్లగా వేసేదాన్ని, కిందున్న వాళ్లకి నేను ఏ గదిలో ఉన్నానో తెలియకూడదని. దుప్పట్లు ఉతకడానికి దిగాల్సి వస్తే ముసలావిణ్ణి కూడా మెట్లదాకా తీసుకొచ్చి కూర్చోబెట్టేదాన్ని. తోడు కోసం. కాపలా కాయాల్సింది నేను, నాకు కాపలా ఆవిడ. ఒకసారి వాషింగ్ మెషీన్ పక్కన సబ్బు తడిగా ఉంది. నేను ఆ రోజు సబ్బు ముట్టుకోలేదు. బట్టలు మెషీన్‌లోనే వదిలేసి వచ్చాను.

తుఫాను గాలి వచ్చిన రోజున అంతా బయటపడింది.

బ్రిస్బేన్‌లో ఎండాకాలం సాయంత్రాలు ఒక్కసారిగా ఆకాశం పచ్చగా, నల్లగా మారి ఉరుములు మొదలవుతాయి. ఆ రోజు మధ్యాహ్నమే మొదలైంది. ముందు గది కిటికీలు మూస్తున్నాను. వడగళ్లు రేకుల కప్పు మీద పడి చెవులు చిల్లులు పడుతున్నాయి. కిటికీలు మూసి వచ్చేసరికి ముసలావిడ కుర్చీ ఖాళీగా ఉంది. వెనక తలుపు తెరిచి ఉంది.

మెట్ల మీద ఎక్కడైనా పడిపోయి ఉంటుందన్న ఒక్క భయం మిగతా భయాలన్నిటినీ తోసేసింది. తడుస్తూ దిగాను. మెట్ల కింద లేదు. చెక్కపట్టీల తలుపు తోసి లోపలికి వెళ్లాను.

వెనక మూల, పాత పరుపుల చాటున, బోర్లించిన డబ్బా మీద ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడ ఎదురుగా నేల మీద ఒక మనిషి పడుకుని ఉన్నాడు. గుబురు గడ్డం. మట్టి కొట్టుకున్న పెద్ద బూట్లు పక్కన విప్పి ఉన్నాయి. ఆవిడ అతని మణికట్టు పట్టుకుని ఉంది. నన్ను చూసి, ఈసారి గుసగుసగా కాదు, మామూలు గొంతుతో చెప్పింది.

"ముజిక్. బోల్నో."

వెనక్కి పరుగెత్తాలని కాళ్లు అంటున్నాయి. పరుగెత్తితే ఆవిడ అక్కడే ఉంటుంది. "రండి, పైకి రండి" అని తెలుగులో అన్నాను. అప్పుడు నా నోటికి ఇంగ్లీషు రాలేదు. చెయ్యి పట్టుకు లాగాను. ఆవిడ రాలేదు. పక్షి అంత మనిషి, ఆ క్షణంలో రాయిలా ఉంది.

అతను కళ్లు తెరిచాడు. నన్ను చూసి మోచేతుల మీద చెక్కపట్టీల వైపు జరిగాడు. వణుకుతున్నాడు. పళ్లు టకటకమంటున్నాయి.

"పోలీసుల్ని పిలవకు" అన్నాడు. "ప్లీజ్. నేనేం చెయ్యలేదు. ఆవిడే నాకు తిండి పెట్టింది. నేను వెళ్లిపోతాను, రేపు వెళ్లిపోతాను."

అప్పుడు చూశాను కాలు. మోకాలి కిందినుంచి పాదం దాకా ఎర్రగా, నిగనిగలాడుతూ, రెండింతలు వాచి ఉంది. పాత గాయం చీము పట్టింది. ఆ ముందు వారమే క్లాసులో అలాంటి కాలు ఫోటో చూపించారు. ఒంట్లోకి పాకితే మనిషి నిలవడని చెప్పారు. చెయ్యి చాపి అతని నుదురు తాకాను. నా చెయ్యే ఆ పని చేసింది, నేను చెయ్యమనలేదు. పెనంలా కాలిపోతోంది.

ఫోను పైన నా సంచిలో ఉంది. ఫోను కావాలంటే ఆవిణ్ణి ఆ మనిషి దగ్గర వదిలి పైకి వెళ్లాలి. నా భయాలన్నిట్లోకీ పెద్దది అదే. "నీళ్లు తెస్తాను. వదా" అన్నాను ఆవిడతో. ఆవిడ తలూపింది. మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. అంబులెన్స్ కోసం ట్రిపుల్ జీరోకి ఫోన్ చేసి చిరునామా చెబుతుంటే అవతల అమ్మాయి "నెమ్మదిగా చెప్పు, నెమ్మదిగా" అంటోంది. తర్వాత కూతురికి చేశాను. తర్వాత నిజంగానే గ్లాసుతో నీళ్లు పట్టుకుని దిగాను.

అంబులెన్స్ వచ్చేదాకా ముగ్గురం ఆ చీకటి మూల కూర్చున్నాం. వడగళ్లు ఆగి వాన పడుతోంది. అతను నీళ్లు తాగుతూ అప్పుడప్పుడూ నన్నే చూస్తున్నాడు. నేనూ అతన్నే చూస్తున్నాను. ఇద్దరం ఒకరికొకరం భయపడుతున్నామని ఆలస్యంగా అర్థమైంది. ముసలావిడ ఒక్కతే నిబ్బరంగా ఉంది. తన భాషలో అతనితో ఏదో చెబుతూనే ఉంది. అతను ఒక్క ముక్క అర్థం కాకపోయినా "యెస్ లవ్, యెస్ లవ్" అని ఇక్కడి వాళ్ల తీరులో ఆప్యాయంగా అంటున్నాడు.

కూతురు, అంబులెన్స్ ఒకేసారి వచ్చారు. వెనకే పోలీసులు. స్ట్రెచర్ మీద మనిషి బయటికి రావడం చూసి కూతురు మెట్ల మీద కూలబడింది. "ఎన్నాళ్ల నుంచి?" అని మాత్రం అడిగింది. నాకు తెలియదన్నాను. పోలీసాయన నా పేరు, వీసా అడిగి వెళ్లిపోయాడు. వీసా అన్న మాట విని నేను ఆ వారమంతా సరిగ్గా తిండి తినలేదు. ఏజెన్సీ ఆవిడ ఫోన్ చేసి, తెలియని మగవాడి దగ్గర ముసలావిణ్ణి ఒంటరిగా ఎలా వదిలావని గట్టిగా అడిగింది. అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కోబోయింది. "నేను మాట్లాడ్త, ఇటియ్యి" అంది. ఇవ్వలేదు. ఆ తర్వాత కూతురే వాళ్లతో మాట్లాడిందట. నన్నే పంపమని అడిగిందట.

మళ్లీ వెళ్లిన రోజు ఆవిడ స్కూలుకి వెళ్లలేదు. ముగ్గురికీ టీ పోసి కూర్చుంది. తర్వాత అంది.

"నీకు సారీ చెప్పాలి. నువ్వు నిజమే చెప్పావు. అమ్మ కూడా నిజమే చెప్పింది. నాకు రెండు భాషలూ వచ్చు, ఇద్దర్నీ నమ్మలేదు."

ఆసుపత్రికి వెళ్లి అతన్ని చూసి వచ్చిందట. తిట్టాలనే వెళ్లిందట. అతను పళ్లతోటల్లో కోతల పని చేసేవాడట. కోతలు లేని నెలల్లో కారులో పడుకునేవాడు. ఆ కారు కూడా పోయాక, ఒకరోజు ఈ వీధిలో నడుస్తూ దాహమేసి, వరండాలో ముసలావిడ కనిపిస్తే నీళ్లు అడిగాడు. ఆవిడ నీళ్లతో పాటు రొట్టె ఇచ్చి, వేలితో ఇంటి కింద జాగా చూపించింది. అప్పుడే వాన మొదలైంది. వెళ్లి పడుకున్నాడు. టార్చితో దిగిన రోజు కూడా పరుపుల వెనకే ఊపిరి బిగబట్టి ఉన్నాడట.

"గడ్డం, బూట్లు, పొలం పని. అమ్మ సరైన మాటే వాడింది. నిఘంటువులో మొదటి అర్థం కూడా అదే" అని ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. "కాలు తీసెయ్యక్కర్లేదంటున్నారు. ఆవిడ నన్నేమని పిలుస్తోంది, ఆ మాటకి అర్థం ఏంటని అడిగాడు."

"ఏం చెప్పారు?"

"ఎన్ని అర్థాలని చెప్పను? చూడు, ముజ్ అంటే మొగుడు, మగవాడు. దానికి 'ఇక్' తగిలిస్తే చిన్న అని. చిట్టి మగాడు. జమీందార్లు తమ పొలాల్లో చేసేవాళ్లని అలా అనేవాళ్లు. మనవలున్న ముసలాడైనా వాళ్ల లెక్కలో పూర్తి మగాడు కాడు. అదే మాట ఇప్పుడు మాస్కోలో ఆడవాళ్లు, 'ఒక ముజిక్ వచ్చి కుళాయి బాగుచేశాడు' అని మామూలుగా అంటారు. మగవాళ్లు ఒకణ్ణి మెచ్చుకోవాలంటే 'వాడు అసలైన ముజిక్' అంటారు. మళ్లీ అదే మాట ముక్కు చిట్లించి అంటే, నాగరికత లేని వెధవ అని."

"మాకూ ఉందండీ" అన్నాను. "మొగుడు, మగాడు ఒక వేరులోంచి వచ్చినవే. ఎవణ్ణైనా మెచ్చుకోవాలంటే 'వాడు మగాడ్రా' అంటారు మావాళ్లు."

ఆవిడ ఈసారి నిజంగా నవ్వింది. "అయితే నీకు తేలిగ్గా అర్థమవుతుంది. అతనికి 'మనిషి' అని చెప్పాను. మనిషి అంతే. 'ఇంతకంటే ఘోరంగా పిలిచారు నన్ను' అన్నాడు."

మేం మాట్లాడుతుంటే ముసలావిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆ మాట వినిపించిన ప్రతిసారీ తల తిప్పుతోంది. చివరికి కూతురి చెయ్యి మీద చెయ్యి వేసి రష్యన్‌లో ఏదో అడిగింది. కూతురు కప్పు కింద పెట్టి, తల్లి మోకాళ్ల దగ్గరికి కుర్చీ జరుపుకుని, నెమ్మదిగా చెప్పింది. ఆవిడ ఇంకోటి అడిగింది. కూతురు తలూపింది.

"ఏమంటున్నారు?" అన్నాను.

"ముజిక్ ఎక్కడికి వెళ్లాడని. ఇంక భయం లేదు, నది దాటి వాళ్ల ఊరెళ్లిపోయాడమ్మా అని చెప్పాను."

"తర్వాత?"

"బయట చలి కదా, కోటు ఉందా అని."

కిటికీ బయట ఎండ మండిపోతోంది. మామిడిచెట్టు మీద కీచురాళ్లు చెవులు తూట్లు పొడుస్తున్నాయి.

"ఉందమ్మా, మంచి కోటు ఉంది అని చెప్పాను" అంది ఆవిడ, ముక్కు తుడుచుకుంటూ.